చావుల పుస్తకంలో రెండు గడులు

అక్క దినాలు అయిపోయిన మర్నాడు ఆమె పెద్దకొడుకుతో కలిసి మరణ పత్రం కోసం వనపర్తిలో ఆఫీసుకు పోయాను. బల్ల వెనక కూర్చున్న అబ్బాయి మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేయించాడు. పేరు అడిగితే ఆండాళమ్మ అని చెప్పాం. వయసు అడిగితే ఉజ్జాయింపుగా ఏదో చెప్పాం. ఆ తర్వాత కలం ఆపి, తల ఎత్తి, నా వైపే చూసి, "కారణం ఏం రాయమంటరు పెద్దమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మావాడు, "పెద్దతనం అని రాయుండ్రి సార్, ఇంకేముంటది" అనేశాడు. ఆ అబ్బాయి రాసేశాడు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇదే ఊళ్ళో, దాదాపు ఇవే మాటలతో, ఇదే ప్రశ్న నన్ను ఇంకొకరు అడిగి ఒక జీవితకాలం అయింది. ఆ రోజు జవాబు చెప్పింది నేనే.

నాగర్‌కర్నూలులో నా ఇంటికి తిరిగొచ్చినప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పుస్తకాల బీరువా సర్దుతాను, మళ్ళీ తీసి పరుస్తాను. పొయ్యిమీద పాలు పెట్టి వాకిట్లోకి పోయి నిలబడతాను. బీరువాలో అన్నిటికంటే అడుగున, పాత చీర ముక్కలో చుట్టిన పలచటి పుస్తకం ఒకటి ఉంది. అది నాది కాదు. ఒక గ్రంథాలయానిది. బడి మెట్టు ఎక్కకుండా చదువు నేర్చుకున్నదాన్నని, గ్రంథాలయమే నా బడి అని ఎంతమంది ముందు గొప్పగా చెప్పుకున్నానో! ఆ గ్రంథాలయం పుస్తకాన్నే నేను తిరిగి ఇవ్వలేదు.

మా నాయన సంస్థానం రోజుల్లో వనపర్తి కచేరీలో మున్షీ. పుట్టుకల పుస్తకం, చావుల పుస్తకం రాయడం ఆయన పని. చావుల పుస్తకాన్ని అమ్మ గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు. వాకిలి పక్క గోడలో ఒక గూడు ఉండేది, అందులో ఎర్ర బట్టలో చుట్టి పెట్టేవాడు. పొద్దున్నే తలారి సాయన్న వచ్చి అరుగు కింద నిలబడి, నిన్న ఏ గల్లీలో ఎవరు పోయారో చెప్పేవాడు. నాయన చాప మీద కూర్చొని, కలం ములికిని గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఉర్దూలో కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోయేవాడు. రాయడం అయిపోగానే బావి దగ్గర నెత్తి మీద నుంచి నీళ్ళు పోసుకొని, అప్పుడు గాని చాయ తాగేవాడు కాదు. తడి ఒంటి వాసన, సిరా వాసన, అమ్మ అప్పుడే అంటించిన పొయ్యి పొగ, ఇవన్నీ కలిసిన వాసనే నాకు తెల్లవారడం. నాకు పెళ్ళయి, కాపురానికి పోవడానికి ఇంకా గడువున్న రోజులవి. పని తక్కువ, చూపు ఎక్కువ. నాయన భుజం మీదుగా చూసీ చూసీ ఉర్దూ అక్షరాలు నాకు నేనే పట్టుకున్నాను. నేను మొదట గుర్తుపట్టిన ఉర్దూ మాట నా పేరు కాదు, నాయన పేరు కాదు. బుఖార్. అంటే జ్వరం. ఏ పేజీ తిప్పినా కారణం గడిలో అదే మాట, పై నుంచి కింది దాకా, చీమల బారులాగా.

అలాగని ఊళ్ళో వేరే రోగాలు లేవని కాదు. కలరాకు హైజా అని, మశూచికి చేచక్ అని, ప్లేగుకు తావూన్ అని ఆ గడిలో రాయవలసిన మాటలు నాయనకు వచ్చు. కాని మశూచి వచ్చిన ఇంట్లో అది రోగమంటే ఒప్పుకోరు, అమ్మవారు వచ్చిపోయిందంటారు. తావూన్ అని రాస్తే మర్నాడే పైనుంచి మనుషులు వచ్చి గల్లీ మొత్తం ఖాళీ చేయిస్తారు. ఇల్లూ గొడ్డూ వదిలి చేలల్లో గుడిసెలు వేసుకొని నెలలు గడపాలి. అందుకని ఇంట్లో ఎలుకలు రాలి, మనిషికి చంకలో గడ్డ లేచి చచ్చినా, సాయన్నతో అందరూ జ్వరమనే చెప్పించేవాళ్ళు. నల్లమల నుంచి కట్టె, తేనె తెచ్చే చెంచువాళ్ళు సంతలో చలిజ్వరంతో పడిపోతే మాత్రం అది నిజంగానే బుఖార్. ఒకరోజు ఉండబట్టలేక నాయనను నిలదీశాను, ఇన్ని రోగాలకు ఒకే మాటేమిటని. ఆయన నవ్వాడు. "ఒళ్ళు కాలకుండ ఎవరన్న సచ్చిన్రా బిడ్డా? బుఖార్ అంటె అబద్ధమైతే గాదు గద."

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఫలానా వాళ్ళ కోడలు పోయిందని సాయన్న చెప్తాడు. ఏమైందో అతను అడగడు, నాయన అడగడు. మగవాళ్ళు అడిగే మాట కాదది. ఇద్దరూ ఒక క్షణం నేల చూపులు చూస్తారు, కలం బుఖార్ అని రాస్తుంది. మా వెనక గల్లీలో ఖాసింబీ అని ఒకామె ఉండేది. పుట్టిల్లు అయిజ. ముసల్మానుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు పోతే ఆఖరి స్నానం చేయించేది ఆమే. మజ్జిగ కోసం మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చునేది. "మీ నాయిన కలం మంచిదే బిడ్డా, దానికి కండ్లే లెవ్వు," అనేది. "నేను నీళ్ళు పోసిన. నాకు తెల్వదా? కాన్పయి ఆరు దినాలు గాలె, బట్టల నిండ నెత్తురు. గది బుఖారా? పోయి జర అడుగు మీ మున్షీ సాబ్‌ను." అమ్మ లోపలి నుంచి, "పొద్దుగాల గవేం ముచ్చట్లు ఖాసింబీ, పిల్ల ముంగట పెండ్లి ముచ్చట్లేవన్న చెప్పరాదు," అని కసిరేది. "పెండ్లి ముచ్చట్లు చెప్పెటోళ్ళు గల్లికి పదిమంది ఉన్నరు అక్కా. గీ ముచ్చట నేనొక్కదాన్నే చెప్త," అని ఆమె మజ్జిగ చెంబు ఎత్తుకొని పోయేది.

కారణం గడి కంటే నన్ను ఎక్కువ సతాయించింది పేరు గడి. మా వైపు బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున గాని పేరు పెట్టరు. అంతకు ముందే పోయిన బిడ్డకు పేరు లేదు. పేరు లేకపోతే పుస్తకంలో మొదటి గడి నిండదు. మొదటి గడి ఖాళీ ఉంటే పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. కనుక నాయన ఆ పసిగుడ్లను రాసేవాడే కాదు. పుట్టుకల పుస్తకంలోనూ పేరు పెట్టిన తర్వాతే ఎక్కించేవాడు. అంటే ఆ బిడ్డలు పుట్టనూ లేదు, చావనూ లేదు. ఒకసారి పైనుంచి ఒక పెద్ద అధికారి వచ్చి పుస్తకాలు తిరగేసి, ఈ ఊళ్ళో చావులు తక్కువ, ఆబోహవా, అంటే నీళ్ళూ గాలీ, చాలా బాగుందని మెచ్చుకొని పోయాడు. నాయన ఆ సాయంత్రం మిఠాయి తెచ్చాడు. నేను తినలేదు. మా ఒక్క గల్లీలోనే ఆ చలికాలం ఎన్ని పసిగుడ్లు పోయాయో నాకు తెలుసు, ఊగని ఉయ్యాలలు చూస్తూనే ఉన్నాను. చెడిపోయిన కచేరీ కాగితాలను దారంతో కుట్టి, వెనక వైపు తెలుగులో నా లెక్క నేను రాయడం ఆ రోజే మొదలుపెట్టాను. బిడ్డకు పేరు లేదు కాబట్టి తల్లి పేరు రాసేదాన్ని. ఫలానామె బిడ్డ, ఇన్ని రోజులు. ఒక పేజీ నిండేసరికి ఒక సంగతి కంటబడింది. వాళ్ళలో చాలామంది ఆరో రోజుకూ తొమ్మిదో రోజుకూ మధ్య పోయినవాళ్ళే. పాలు తాగడం మానేసి, దవడలు బిగుసుకొని, ఒళ్ళు విల్లులా వంగి. పక్షి తాకిందని అనేవాళ్ళు. ఏ పక్షి అయినా సరిగ్గా వారానికే ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నతో నాకు అన్నం సహించేది కాదు.

మా ఊళ్ళో ఒక గది గ్రంథాలయం ఉండేది. ఆడవాళ్ళు పోయి కూర్చునే చోటు కాదు గాని, నాయన చేత చీటీ పంపితే దాన్ని చూసుకునే పంతులు పుస్తకం ఇచ్చేవాడు. పురాణాలు అయిపోయాయి, నీతికథలు అయిపోయాయి, పశువుల రోగాల పుస్తకం, బావులు తవ్వే పుస్తకం కూడా అయిపోయాయి. అప్పుడు చేతికొచ్చింది బాలింతల రక్షణ గురించి ఒక పలచటి పుస్తకం. "గీత పడ్డా, చినిగినా మల్ల పుస్తకం అడగొద్దని చెప్పుండ్రి మీ బిడ్డకు," అని పంతులు నాయనకు మరీ మరీ చెప్పి పంపాడట. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచులు కోయకుండానే కుట్టి వచ్చేవి. కాగితం మడత మీద మడత ఉండి, మధ్య పేజీలు సంచుల్లాగా మూసుకొని ఉండేవి. చదివేవాళ్ళే చాకుతో అంచు కోసుకోవాలి. ఈ పుస్తకంలో మడతలు ఎవరూ కోయలేదు. అంటే నాకంటే ముందు ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ చదవలేదు. ఆ సంగతికి నాకు గర్వం కూడా వేసింది. పైకి తెరుచుకున్న పేజీలు చదివాను. నా ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ధనుర్వాతం. బొడ్డు కోసే ఇనుముకు అంటిన మురికి వల్ల వస్తుంది, కత్తిని మరిగే నీళ్ళలో వేయాలి, మంత్రసాని సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పేజీ చివరి వరసలో "బొడ్డు కోసిన పిమ్మట" అని ఉంది. మిగిలిన వాక్యం మడత లోపలికి పోయింది. వేలు దూర్చి, వెలుతురుకు పట్టి చూశాను, కనబడలేదు. ఆ తర్వాత స్నానం చేయించాలనో, తల్లి దగ్గర పడుకోబెట్టాలనో ఉంటుందిలే అనుకున్నాను. పంతులు మాట గుర్తొచ్చి మడత కోయలేదు. నాకు కావలసింది దొరికింది కదా అనిపించింది.

అక్క ఆండాళు అప్పుడే పెబ్బేరు నుంచి తొలి కాన్పుకు వచ్చి ఉంది. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఎప్పుడూ నవ్వుతుండేది, కడుపు మీద చెయ్యి వేసుకొని బిడ్డతో ముచ్చట్లు పెట్టేది. మా గల్లీకంతా మంత్రసాని బాలమ్మ. నన్ను, అక్కను భూమ్మీద వేసింది ఆమె చేతులే. నా కాగితాల్లో ఉన్న పసిగుడ్లలో ఎక్కువమందిని పట్టిన చేతులు కూడా అవే. ఆ మాట ఎవరితోనూ అనలేను, అనకుండా ఉండలేను. బాలమ్మ కొడవలితో కోస్తుంది, ఆ కొడవలే గడ్డి కోస్తుంది. నాయన వెంటపడి పెబ్బేరు సంత నుంచి ఒక కొత్త చాకు తెప్పించాను. అక్కకు నొప్పులు మొదలైన పొద్దున ఆ చాకునూ, బాలమ్మ తెచ్చిన కొడవలినీ రెంటినీ గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. బాలమ్మ తొంగి చూసింది.

"ఏందే పిల్లా, నా కొడవలితోని చారు గాస్తున్నవా? జర ఉప్పెయ్యి మరి."

"పుస్తకంల రాసిన్రు పెద్దమ్మా. చాకుతోనే కొయ్యాలె. చేతులు గూడ సబ్బుతోని కడుగు."

"గా పుస్తకం రాసినోడు ఎన్ని కాన్పులు జేసిండట?"

అమ్మ నా మీద కళ్ళెర్రజేసింది. కాని లోపలి నుంచి అక్క, నొప్పుల మధ్యే, "దాని మాట ఇను పెద్దమ్మా, అది సదువుకున్నది," అంది. బాలమ్మ నా వైపు చూసింది, అక్క వైపు చూసింది. గొణుగుతూనే చేతులు కడుక్కుంది. ఆ చాకుతోనే కోసింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. గదంతా వాము పొగ, సాంబ్రాణి, ఆముదం వాసన. బాలమ్మ తడి చేతులు పైకెత్తి నాతో, "సరే తల్లీ, నీ మాటే ఇన్న. ఇగ జర పిడక బూడిద తే పో బొడ్డుకు. మంచిగ జల్లించి తే," అంది. నేను గెలిచినదాన్ని కదా, ఎగురుకుంటూ పోయాను. పొయ్యిలో తెల్లగా కాలిన పిడక ఏరి, నా ఓణీ కొంగు పరిచి, మైదాపిండి అంత మెత్తగా బూడిద జల్లించాను. దోసిట్లో పట్టుకొచ్చాను. ఇంకా వెచ్చగా ఉంది. పుట్టిన ప్రతి బిడ్డకూ పెట్టేదే అది. నాకూ పెట్టారు. దాని గురించి ఆలోచించాలని కూడా తోచలేదు.

ఆరో రోజు పొద్దున బిడ్డ రొమ్ము పట్టలేదు. అక్క పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయాయి. మధ్యాహ్నానికి దవడలు బిగిశాయి. నేను చూడగానే గుర్తుపట్టాను. నా కాగితాల్లో అన్నిసార్లు రాసిన రోగం అది. నాయన దవాఖానకు పరుగెత్తి సీసాలో మందు తెచ్చాడు, ఒక్క చుక్క లోపలికి పోలేదు. ఖాసింబీ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. ఎనిమిదో రోజు ఎండ నడినెత్తికొచ్చే వేళకు బిడ్డ పోయింది. అక్క ఏడవలేదు. నా చెయ్యి పట్టుకొని, "నువ్వు అన్నీ సదివినవు గదనే. ఏం తక్కువాయె?" అని అడిగింది.

ఆ మాట పట్టుకొని ఇల్లంతా తిరిగాను. నీళ్ళు మరిగించాను, సబ్బు ఇచ్చాను, కొత్త చాకు. ఏం తక్కువాయె? పుస్తకం తీశాను. ఇంట్లో పదునైన చాకు అదొక్కటే. దానితోనే మడత కోశాను. "బొడ్డు కోసిన పిమ్మట బూడిద గాని, పేడ గాని, మట్టి గాని తాకనీయరాదు. ధనుర్వాతమునకు కత్తికన్న ఇదియే ముఖ్యకారణము." అంతే ఉంది. చిన్న అక్షరాల్లో, మామూలుగా, ఎవరో తీరిగ్గా కూర్చొని రాసినట్టు. నా ఓణీ ఇంకా దండెం మీద ఉంది. కొంగులో బూడిద మరక పోలేదు.

మర్నాడు పొద్దున సాయన్న వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. ఇంకో రెండు చావులు చెప్పాడు, మా ఇంటి సంగతి చెప్పలేదు. పేరు పెట్టని బిడ్డల చావు చెప్పే రివాజు లేదు. నాయన ఆ రెండూ రాసి పుస్తకం మూయబోయాడు. లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. బాలింత వాకిట్లోకి రాగూడదు కాబట్టి గోడ అవతలి నుంచే అడిగింది. "నాయినా, నా బిడ్డను రాసినవా?"

నాయన పుస్తకం మీద చెయ్యి ఆనించాడు. "పేరు లేదు గద బిడ్డా," అన్నాడు.

"యశోద," అంది అక్క. "కడుపుల ఉన్నప్పుడే పెట్టుకున్న. రాయి."

నాయన కలం ములికి రెండుసార్లు తుడిచాడు. ముందు పుట్టుకల పుస్తకం తెరిచి రాశాడు, తర్వాత చావుల పుస్తకంలో రాశాడు.  పేరు గడి నిండింది. కారణం గడి దగ్గరికి వచ్చి ఆగి, తల ఎత్తి, నా వైపు చూశాడు. ఇన్ని రోగాలకు ఒకే మాటేమిటని నిలదీసినదాన్ని కదా, ఆ ఒక్కసారి ఆయన నిజంగా అడిగాడు. "నీకు తెలుసు బిడ్డా. ఏం రాయమంటవ్? నువ్వు ఏం చెప్తె గదే రాస్త."

గోడ అవతల అక్క వింటున్నదని నాకు తెలుసు.

"బుఖార్," అన్నాను.

పుస్తకం పోయిందని పంతులుకు చెప్పించాను. కోసిన మడతలతో ఎట్లా ఇవ్వను? ఇచ్చి ఉంటే ఇంకెవరైనా ఆ పేజీ చదివేవాళ్ళు కదా అన్న ఆలోచన చాలా కాలానికి గాని రాలేదు. కొన్నాళ్ళు ఆగి, బూడిద పెట్టవద్దని చెప్పడానికి బాలమ్మ ఇంటికి పోయాను. ఆమె నన్ను కూర్చోబెట్టి బెల్లం పెట్టింది. "మొన్న కొడవలి అంటివి. ఉడకేస్తివి. నీ చాకుతోనే కోస్తిని. అయినా మన బిడ్డ దక్కలే. ఇయ్యాల బూడిద అంటున్నవ్. రేపు నా చేతులే వద్దంటవ్," అంది. కోపంతో కాదు, జాలితో అంది. యశోద బూడిద వల్లే పోయిందని, ఆ బూడిద తెచ్చింది నేనని, అక్కడ ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె నమ్మేదేమో. నేను బెల్లం తిని వచ్చేశాను. ఆ గల్లీలో ఆ తర్వాత కూడా వారానికే పక్షులు వస్తూనే ఉన్నాయి. నేను కాపురానికి పోయేదాకా నా కాగితాల్లో రాస్తూనే ఉన్నాను.

అక్క రెండో కాన్పుకు నేను పని కట్టుకొని వచ్చి, బొడ్డుకు ఏమీ పెట్టనివ్వలేదు. ఎందుకని అడిగితే పుస్తకంలో ఉందన్నాను. అక్క నా ముఖంలోకి చూసి, "గీ మాట అప్పుడు లేదానే గా పుస్తకంల?" అంది. లేదన్నాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ బిడ్డ బతికాడు. మొన్న ఆఫీసులో పెద్దతనం అని రాయించింది వాడే. అక్క నన్ను మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. నమ్మి అడగలేదో, నమ్మక అడగలేదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఇప్పుడు కాన్పులు దవాఖానల్లో అవుతున్నాయి. అక్క మనుమరాలి కాన్పుకు నేనూ పోయాను. ఒక సూది మందు, బొడ్డుకు ఒక చిన్న బిగింపు. నర్సు పిల్ల పోతూ పోతూ, "బొడ్డుకు ఏం పెట్టకుండ్రి అమ్మా," అని చెప్పి వెళ్ళింది. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఒక్క ఊపిరి పట్టింది. అక్కడున్న వాళ్ళెవరూ తల కూడా ఎత్తలేదు. నేను మాత్రం వరండాలోకి పోయి కాసేపు నడిచాను.

మొన్న ఆఫీసులో లేచే ముందు ఆ అబ్బాయిని అడిగాను, సంస్థానం కాలం నాటి చావుల పుస్తకాలు ఎక్కడున్నాయని. "గవి ఉర్దూల ఉంటుండె పెద్దమ్మా. మా దగ్గరైతే లెవ్వు. ఉన్నా సదివేటోళ్ళు లేరు," అన్నాడు. ఒకవేళ ఉంటే తెరిపించి, ఒక గడిలో ఒక మాట కొట్టించి ఇంకో మాట రాయిద్దామనుకున్నాను. నాకు ఆ ఉర్దూ ఇంకా వచ్చు. ఆ పుస్తకం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పేరు యశోద. తల్లి ఆండాళు. ఊరు వనపర్తి. వయసు ఎనిమిది రోజులు. కారణం, బొడ్డుకు పెట్టిన పిడక బూడిద. ఖబరు ఇచ్చింది, ఆ బూడిద జల్లించిన చెల్లెలు.